పడవ కిరాయి కట్టిన స్టాంపు

“ఇవి స్టాంపులు కావు తమ్మీ, రంగు కాయితాలు. ఈ రెండు షీట్లు తీసెయ్, మిగతాదంతా మంచిగుంది.” ఒక స్టాంపుల ఎగ్జిబిషన్‌ల జడ్జిగా వచ్చిన పెద్దమనిషి నా ఫ్రేమ్ ముందర నిలబడి చెప్పిన మాట ఇది. మర్యాదగనే చెప్పిండు, నా మంచికే చెప్పిండు, అనవసరంగ మార్కులు పోతయని ఆయన బాధ. ఆ రెండు షీట్లల్ల ఉన్నవి చిన్న దీవుల సొంత స్టాంపులు, ఏ సర్కారూ అచ్చెయ్యనివి. ఇంగ్లండ్ పక్కన లండీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రంల ఉన్న గెర్న్సీ దీవి పక్కన హెర్మ్. నేను తియ్యలే. మార్కులు పోయినయి, పోతే పోనీ. కానీ ఆ మాటకు జవాబు చెప్పకుండ ఉండలేకపోతున్న, ఎందుకంటే మన దగ్గర స్టాంపులు జమచేసేటోళ్ళల్ల చానామంది ఇదే అంటరు, కేటలాగుల, అంటే స్టాంపుల పట్టిక పుస్తకంల, లేకుంటే అది స్టాంపే కాదు అని ఒక్క మాటల తేల్చేసి ముందుకు పోతరు.

నా మాట సూటిగ చెప్త. స్టాంపు విలువ దాన్ని ఎవరు అచ్చేసిండ్రు అన్నదాంట్ల లేదు, ఆ కాయితం తీసుకుని ఎవరన్న నిజంగ ఉత్తరం మోసిండ్రా లేదా అన్నదాంట్ల ఉంది. మోసినోడు సర్కారు నౌకరైతేంది, దీవి ఓనర్ పడవైతేంది, పావురమైతేంది. మనం పాలమూరోళ్ళం, ఊర్లకు ఊర్లు బొంబాయికి, పుణెకు పనికి పోయిన జిల్లా మనది, చేసిన పనికి కూలి ముట్టిందా లేదా అన్నది మనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. నా లెక్కల స్టాంపు అంటే అదే, మోత కూలి ముందే ముట్టిందని కవరు మీద అతికించిన రసీదు. దాని మీద రాజు బొమ్మ ఉందా, పిట్ట బొమ్మ ఉందా అనేది తర్వాతి సంగతి.

కవరు వెనక పఫిన్

లండీ సంగతి స్టాంపులోళ్ళకు తెలిసిందే కాబట్టి మొదటి నుంచి చెప్ప. కానీ దాంట్ల ఒక్క ముక్క మీద ఎవరూ సరిగ్గ ఆగరు. 1927 చివర్ల బ్రిటిష్ పోస్టాఫీసు ఆ దీవిల బ్రాంచి మూసేసి పోయింది, ఓనర్ మార్టిన్ కోల్స్ హార్మన్ కొన్నాళ్ళు తన ఖర్చుతోనే ఉత్తరాలు ఒడ్డుకు చేర్పించిండు, ఆ తర్వాత 1929ల అర పఫిన్, ఒక పఫిన్ అని రెండు స్టాంపులు తీసిండు. పఫిన్ అంటే ఆడ ఉండే రంగురంగుల ముక్కు సముద్రపు పిట్ట, ఒక పఫిన్ అంటే ఒక పెన్నీ. అదే ఏడు అవే పేర్లతోటి నాణేలు గూడ కొట్టించిండు. నాణేల మీద కేసు పడ్డది, 1930ల కోర్టు ఐదు పౌండ్ల జుర్మానా వేసింది, పైకోర్టుకు పోయిన గూడ ఓడిపోయిండు, నాణేలు ఆగిపోయినయి. స్టాంపులు మాత్రం ఆగలే. పోస్టాఫీసోళ్ళు అడిగింది ఒక్కటే, మా స్టాంపు పక్కన పెట్టొద్దు, కవరు వెనక అతికించుకో అని.

ఈ ఒక్క ముక్క చాలు నా వాదనకు. అదే మనిషి, అదే పిట్ట, అదే పేరు. నాణేన్ని నేరం అన్నరు, స్టాంపును వెనకకు జరిపిండ్రు అంతే. ఎందుకంటే నాణెం రాజు పని చేస్తానంటది. స్టాంపు ఆ పని చెయ్యలే, రాజు వదిలేసి పోయిన పని చేసింది. దీవి నుంచి ఒడ్డు దాక పడవల మోసింది, ఆడికెళ్ళి ముందుకు రాజు స్టాంపే మోసింది. ఇద్దరు కూలోళ్ళు, ఇద్దరి కూలీ ఒకే కవరు మీద ఉంది.

నా దగ్గర అసొంటి కవరు ఒకటి ఉంది. ముందు వైపు ఐదో జార్జి రాజు ఎర్ర గోధుమరంగు స్టాంపు, ఒకటిన్నర పెన్నీలది, దాని మీద ఒడ్డు పోస్టాఫీసు ముద్ర నిండుగ, నల్లగ పడ్డది. ఇటు తిప్పితే నీలిరంగు ఒక పఫిన్. నిటారుగ లేదు, కొంచెం ఎడమకు వాలింది, కింది అంచుల రెండు పళ్ళు చిరిగినయి, లండీ ముద్ర సగం స్టాంపు మీద సగం కవరు మీద, ఆ సగం గూడ తడి తగిలి పాకింది. కవరు మడత అంటు ఊడినకాడ ఎవరో మళ్ళ వేలితోటి రుద్ది అతికించిన జాడ ఉంది. ఎవరో ఒకరు లండీల కూసోని నాలుకతోటి తడిపి అతికించిన స్టాంపు అది. ఆల్బంల పెట్టేటందుకు అతికిచ్చినోడైతే గంత వంకరగ పెట్టడు. దీన్ని పట్టుకుని రంగు కాయితం అంటే నా మనసు ఒప్పుకోదు.

హెర్మ్ సంగతి ఇంకా తేట. 1938ల ఆడ సబ్ పోస్టాఫీసు మూసేసిండ్రు, యుద్ధం అయిపోయినంక 1949 నుంచి దీవోళ్ళు తమ స్టాంపుతోటి ఉత్తరాలు గెర్న్సీ దాక మోసుకున్నరు, 1969 అక్టోబరు 1న గెర్న్సీ సొంత పోస్టల్ వ్యవస్థ పెట్టుకుని హెర్మ్‌ల గూడ తన పోస్టాఫీసు తెరిచింది, దీవి స్టాంపు ఆగిపోయింది. అవసరం వచ్చినప్పుడు పుట్టింది, తీరినప్పుడు పోయింది.

పుట్టి నడిపే తాత

మొన్న ఎండాకాలం ఇంటోళ్ళందరం కలిసి కురువపురం శ్రీపాద వల్లభుని దర్శనానికి పోయినం, మక్తల్ దిక్కు పంచదేవ్ పహాడ్ కాడ కృష్ణల పుట్టి ఎక్కి. మా పుట్టిల కూసున్న ఒక ముసలాయన, గద్వాల దిక్కు నది ఒడ్డు ఊరాయన, ఆయన నాయన గూడ పుట్టి నడిపేటోడట. కృష్ణల గుర్రంగడ్డ అసొంటి ఊర్లు ఉన్నయి కదా, చుట్టూ నీళ్ళే, బజారుకు పోవాలన్న, దవఖానకు పోవాలన్న పుట్టే దిక్కు. నాకు ఏడికిపోయినా ఇదే పురుగు కాబట్టి అడిగిన, తాతా, మరి అప్పట్ల టపా ఎట్లొచ్చేది గడ్డ మీదికి అని.

“మా నాయననే తెచ్చేటోడు బిడ్డా. ఇటు ఒడ్డు మీద ఎవరన్న చేతికిస్తే నడుముకు కట్టుకునేటోడు, తడవకుండ.”

పైసలు ఏమన్న ఇచ్చేటోళ్ళా అని అడిగితే నవ్విండు. “ఉత్తరానికి ఇంతని ఏడుంటది? కళ్ళం కాడ ఇంటికింత జొన్నలు కొలిచేటోళ్ళు. మనిషిని దాటిచ్చినందుకు, ఉత్తరం తెచ్చినందుకు, అన్నిటికీ కలిపి అవే.”

నేను ఇంటికొచ్చేదాక అదే ఆలోచన. ఆ ఉత్తరం మీద సర్కారు స్టాంపు ఉండె, అది ఒడ్డు దాక చెల్లింది. నీళ్ళు దాటేందుకు ఇంకో కూలి, అది జొన్నల రూపంల చెల్లింది, కవరు మీద దాని జాడ ఎక్కడ లేదు. ఆ ఊరి పెద్దమనుషులెవరన్న ఆ జొన్నలకు గుర్తుగ ఒక చిన్న కాయితం ముక్క చేసి కవరు వెనక అతికిచ్చి ఉంటే అది లండీ పఫిన్‌కు ఏం తక్కువ? నా కండ్లకైతే ఏం తక్కువ లేదు. అది గనక ఉండుంటే నా ఆల్బంల మొదటి పేజీ దానిదే.

ఇంకో సంగతి చెప్త, ఇది మన జిల్లాదే. నిజాం స్టాంపులు 1869 నుంచి 1950 దాక నడిచినయి, అవి రియాసత్ లోపలే చెల్లేవి. అలంపూర్‌ల ఉన్నాయన తుంగభద్ర అవతల ఉన్న కర్నూలుకు ఉత్తరం రాస్తే నిజాం స్టాంపు అవతలి ఒడ్డున చెల్లకపోయేది, ఎందుకంటే కర్నూలు ఇంగ్లీషోళ్ళ మద్రాసు ఇలాకా. ఒడ్డు దాటితే పని చెయ్యని స్టాంపు అన్నట్టే కదా ఇది? లండీ పఫిన్ పరిస్థితి గూడ అదే కదా? మరి నిజాం స్టాంపును ఎవరూ రంగు కాయితం అనరు, కేటలాగుల పేజీలకు పేజీలు ఉన్నయి, నేను గూడ ఎంతో ఇష్టంగ జమచేస్త. తేడా ఒక్కటే, ఆడ గద్దె మీద రాజు ఉన్నడు, ఈడ దీవికి ఓనర్ ఉన్నడు. ఉత్తరానికి ఆ తేడాతోటి ఏం పని?

హద్దు ఏడుంది?

నల్గొండల నాకు ఒక దోస్తు ఉన్నడు, స్కూల్ టీచర్, 1947 తర్వాతి ఇండియా స్టాంపులు తప్ప ఇంకోటి ముట్టడు. నేను ఇదంతా చెప్తే ఓపికగ విన్నడు, విని ఒకటే అడిగిండు. “అన్నా, నువ్వు చెప్పేది మంచిగనే ఉంది. కానీ రేపు ఎవడో ఒకడు మనిషే లేని గుట్ట పేరు మీద స్టాంపు అచ్చేసి ఇది గూడ దీవి పోస్టే అంటే ఏమంటవ్?”

ఇది అడగాల్సిన ప్రశ్ననే, ఎందుకంటే అట్ల చేసినోళ్ళు ఉన్నరు. స్కాట్లండ్‌ల స్టాఫా అని ఒక దీవి ఉంది, నల్లరాతి స్తంభాల గుహకు పేరున్నది, మనిషి కాపురం లేదు. ఆ దీవి పేరుతోటి 1970లల్ల కట్టలు కట్టలు స్టాంపులు అచ్చేసి అమ్మిండ్రు, బంగారు రేకు మీద అచ్చేసినవి గూడ ఉన్నయి. ఉత్తరం రాసేటోడే లేడు, ఎవని ఉత్తరం మోసిండ్రు? అంతెందుకు, మన నాగాలాండ్ పేరు మీద గూడ అదే రకం స్టాంపులు బయటి దేశపు వ్యాపారులు అమ్ముకున్నరు. నాగాలాండ్‌ల మన పోస్టాఫీసులే ఉన్నయి, ఆ కాయితాలు ఆ కొండల ఒక్క ఉత్తరాన్ని గూడ కదిలియ్యలే. అక్కడి మనుషుల కష్టాన్ని పేరుగ వాడుకుని పిల్లల జేబు పైసలు గుంజుకున్న పని అది, నాకు అవి చూస్తే ఇప్పటికీ కోపం వస్తది.

కాబట్టి హద్దు ఉంది, గట్టిగనే ఉంది. దీవిల మనుషులు ఉన్నరా, వాళ్ళ ఉత్తరం దాటేందుకు వేరే దారి లేకుండెనా, ఈ కాయితం తీసుకుని ఎవరన్న దాటిచ్చిండ్రా. పఫిన్ దీంట్ల నిలబడ్తది, స్టాఫా నిలబడదు. నా బాధేందంటే ఆ జడ్జి గారు రెండిటినీ ఒకే గంపల వేసిండు, ఎందుకంటే రెండూ సర్కారువి కావు. అదే గంప తిరగేసి చూడుండ్రి మరి. ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే స్టాంపు ప్యాకెట్లు మనందరం కొన్నోళ్ళమే. దాంట్ల అజ్మాన్, మనామా, ఉమ్ అల్ క్వయిన్ అని పెద్ద పెద్దవి, తళతళలాడేవి, చంద్రుని మీద మనిషి, సీతాకోకచిలుకలు, ఒలింపిక్ ఆటగాళ్ళు. 1960లల్ల, 70ల మొదట్ల ఆ చిన్న గల్ఫ్ ఎమిరేట్ల, వాటి ఇలాకాల పేరు మీద వచ్చినయి అవి, అధికారికంగనే. కొత్తగ ఉన్నప్పుడే ముద్ర కొట్టి, ఉత్తరం మీదికి పోకుండనే ఆల్బంలకు పోయిన స్టాంపులు కోకొల్లలు. సర్కారు పేరు ఉంది, మోత లేదు. మరి ఇవి అసలు, పఫిన్ నకలు అంటే నేనెట్ల ఒప్పుకోవాలె?

దోస్తు ఆడితోటి ఆగలే. ఇప్పుడు లండీ ఎవరికోసం స్టాంపులు తీస్తుందన్నా, టూరిస్టుల కోసమే కదా, ఉత్తరం వంక, అమ్మకం అసలు అన్నడు. దీంట్ల నిజం ఉంది. లండీకి పోయేది ఎక్కువ పిట్టలు చూసేటోళ్ళు, సెలవులకు పోయేటోళ్ళు, దీవి కూడ ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది. కొత్త బొమ్మలు వస్తనే ఉంటయి, కొనేటోళ్ళల్ల సగం మంది ఉత్తరం రాయరు. నాకు గూడ కొత్త మింట్ సెట్లు, అంటే వాడని స్టాంపుల సెట్లు చూస్తే మనసు అంతగ లాగదు. కానీ ఆడ కార్డు రాసి డబ్బాల వేస్తే ఆ స్టాంపు మీదనే అది పడవెక్కుతది, ఒడ్డు తర్వాత రాయల్ మెయిల్ అనే బ్రిటిష్ టపా సంస్థ ఖర్చు గూడ ఇప్పుడు ఆ స్టాంపు ధరల్నే కలిసి ఉంటది. అంటే పని ఇంకా నడుస్తుంది. అమ్మకం గురించి అంటే మన ఇండియా పోస్ట్ గూడ 2011 నుంచి మై స్టాంప్ అని మన ఫోటో వేసి ఇస్తుంది, పెండ్లికి, పుట్టినరోజుకు చేయించుకుని ఫ్రేమ్ కట్టుకున్నోళ్ళు తప్ప కవరు మీద అతికిచ్చినోళ్ళు మీకెంతమంది తెలుసు? అమ్ముకున్నంత మాత్రాన స్టాంపు స్టాంపు కాకుండ పోదు, మోసే పని మానేస్తే పోతది.

చట్టం మాట గూడ ఒకసారి చూద్దాం. 1898 చట్టంల మన దగ్గర ఉత్తరాలు మోసే హక్కు ఒక్క పోస్టాఫీసుదే. 2023ల వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంల ఆ మాట తీసేసిండ్రు, పోస్టేజీ స్టాంపులు తీసే హక్కు మాత్రం పోస్టాఫీసుకే ఉంచుకున్నరు. అంటే ఇయ్యాల మనూర్ల ఎవరు ఎవరి ఉత్తరం మోసినా తప్పు లేదు, దానికి స్టాంపు తీస్తే మాత్రం తప్పు. నేను చట్టం తప్పు అంటలేను, మోసాలు ఆపాలంటే అది ఉండాల్సిందే. కానీ మోత ముందు, స్టాంపు తర్వాత అని నేను చెప్తున్నది చట్టం రాసినోళ్ళు గూడ వేరువేరు చేసి చూసిండ్రు కదా అనిపిస్తది.

పావురం మోసిన కూలి

ఈ మొత్తం వ్యవహారంల నాకు అన్నిటికంటె ఇష్టమైనవి న్యూజిలాండ్ గ్రేట్ బ్యారియర్ దీవివి. 1894 అక్టోబరుల వైరరాపా అనే ఓడ ఆ దీవి రాళ్ళకు కొట్టుకుని మునిగింది, వందకు పైగా జనం పోయినరు. ఆ కబురు ఆక్లండ్ పట్నానికి చేరేటందుకు రోజులు పట్టింది. మధ్యల సముద్రం సుమారు 90 కిలోమీటర్లే. ఒడ్డు మీద సొంతోళ్ళు ఓడ ఇంకా వస్తలేదని ఎదురుచూస్తున్నరు, ఈడ శవాలు కొట్టుకొస్తున్నయి. 1897ల పావురాల టపా మొదలైంది, 1898ల దానికి స్టాంపులు వచ్చినయి. వాటి మీద “స్పెషల్ పోస్ట్” అని ఉంటే సర్కారు పోస్టాఫీసు ఆ మాట వద్దన్నది, అప్పుడు దాని మీద “పిజన్‌గ్రామ్” అని మళ్ళ అచ్చు కొట్టిండ్రు. ఒక్క పావురం కాలికి పల్చటి కాయితాలు చుట్టి ఐదు దాక కబుర్లు పంపేటోళ్ళు.

పోటీగ ఇంకో కంపెనీ గూడ వచ్చింది, 1899ల వాళ్ళు మూడు మూలల స్టాంపులు తీసిండ్రు, ఆరు పెన్నీలది నీలం, ఒక షిల్లింగుది ఎరుపు. పావురం తన గూటికే పోతది తప్ప చెప్పిన చోటికి పోదు, అందుకే దీవి నుంచి పట్నానికి ఒక రకం పిట్టలు, పట్నం నుంచి దీవికి వేరే పిట్టలు పెంచాలె. ఆ పెంచినోళ్ళ కష్టం, గింజల ఖర్చు, గద్దల పాలైన పిట్టల నష్టం, ఇదంతా ఆ చిన్న మూడు మూలల కాయితం మీద వసూలు కావాలె. 1908ల సముద్రం కింద టెలిగ్రాఫ్ తీగ పడ్డది, పావురాల పని అయిపోయింది. ఇంత స్పష్టమైన పని చేసిన స్టాంపును నేను సర్కారు స్టాంపుల పక్కనే, అదే సైజు హెడ్డింగుతోటి పెడ్త, ఎవరు మార్కులు కోసుకున్నా సరే.

ఇంక నా లెక్క సాఫీగ నడవని కాడికి వస్త. 1934 జూలైల స్కాట్లండ్‌ల స్కార్ప్ అనే చిన్న దీవి నుంచి గెర్హార్డ్ జుకర్ అనే జర్మనాయన రాకెట్ల ఉత్తరాలు పెట్టి పేలిస్తే రాకెట్ పగిలి కొన్ని కాయితాలు కాలినయి. అదే ఏడు సెప్టెంబరుల మన కలకత్తా స్టీఫెన్ స్మిత్ ఓడ మీద నుంచి సాగర్ దీవికి రాకెట్ టపా పంపిండు. ఇద్దరూ తమ సొంత లేబుళ్ళు అతికిచ్చిండ్రు, ఆ కవర్లల్ల ఎక్కువ శాతం స్టాంపులోళ్ళ కోసం తయారైనవే. దీవుల మనుషులు మాకు రాకెట్ కావాలని అడగలే. నా లెక్క ప్రకారం ఇవి అటూ ఇటూ కానివి. కానీ స్మిత్ ఆడితోటి ఆగలే, ఏండ్ల తరబడి రాకెట్లతోటి మందులు, తిండి పొట్లాలు గూడ నదులు దాటిచ్చే ప్రయోగాలు చేసిండు, వరదలొచ్చినప్పుడు పనికొస్తదని. 1992ల మన పోస్టల్ శాఖే ఆయన పేరు మీద స్టాంపు తీసింది. ఆయన కవర్లను నేను ఆల్బంల పెడ్త, జుకర్‌వి దొరికినా కొన.

అన్నిటికంటె గట్టి చిక్కు ట్రిస్టన్ డ కున్యాది. దక్షిణ అట్లాంటిక్ మధ్యల ఉన్న ఆ దీవిల అప్పట్ల పైసల వాడకం చానా తక్కువ, 1946ల వాళ్ళు మాకు సొంత స్టాంపులు కావాలని లండన్‌కు అర్జీ పెట్టుకున్నరు, నమూనాగ తయారైన స్టాంపు మీద ధర ఒక పెన్నీ అని, దాని తోటి నాలుగు ఆలుగడ్డలు అని రాసి ఉంది. లండన్ కాదన్నది. 1952ల సెయింట్ హెలెనా అనే ఇంకో దీవి స్టాంపుల మీద ట్రిస్టన్ పేరు అచ్చేసి ఇచ్చిండ్రు. మరి ఆ ఆలుగడ్డల స్టాంపు ఒక్క ఉత్తరాన్ని గూడ మొయ్యలే. నా హద్దు ప్రకారం అది బయటికే పోవాలె.

అయినా నేను దాన్ని బయట పెట్టలేను. పుట్టి తాత జొన్నల మాట విన్నంక అస్సలు పెట్టలేను. ఆడ మనుషులు ఉన్నరు, ఉత్తరం ఉంది, దాటాల్సిన నీళ్ళు ఉన్నయి, కూలి ఏం ఇయ్యాలో గూడ వాళ్ళే తేల్చుకున్నరు, అవతలి నుంచి సరే అనే మాట ఒక్కటే రాలే. స్టాఫా స్టాంపుకు సరిగ్గ తలకిందులు ఇది. ఆడ అచ్చు ఉంది, మనుషులు లేరు. ఈడ మనుషులు ఉన్నరు, ఒప్పుకునే సర్కారు లేదు. కాబట్టి నా మాట కొంచెం సవరించుకుంట, మోసిందా లేదా అన్నది మొదటి పరీక్ష, మోయాల్సిన అవసరం నిజంగ ఉండెనా అన్నది దానికంటె ముందరి పరీక్ష. దోస్తు దీనికి ఇంకా ఒప్పుకుంటలేడు, అవసరాన్ని ఎట్ల కొలుస్తవన్నా అంటున్నడు. మూసేసిన పోస్టాఫీసు తారీఖు చూసి, దీవిల జనం ఎంతమందో చూసి, వాడిన కవర్లు ఎన్ని దొరుకుతున్నయో చూసి కొలుస్త అని చెప్పిన.

కొత్తగ మొదలుపెట్టే పిల్లలకు నేను చెప్పేది గూడ ఇదే. ఈ దీవుల స్టాంపులు కొనాలంటే మెరిసే మింట్ సెట్ల జోలికి పోకుండ్రి, ఆ పైసలతోటి వాడిన కవరు ఒక్కటి కొనుండ్రి, రెండు ముద్రల తారీఖులు కలుస్తున్నయా చూడుండ్రి, చిరునామా నిజం మనిషిదా లేక స్టాంపు వ్యాపారిదా చూడుండ్రి. సగం మోసం ఆడనే బయటపడ్తది.

వచ్చేసారి ఆ రెండు షీట్లు మళ్ళ పెడుతున్న, వాటి పక్కన కృష్ణ, తుంగభద్ర దాటిన ఉత్తరాల షీటు ఒకటి కొత్తగ కలపాలని ఉంది. గద్వాల, అలంపూర్, మక్తల్, కొల్లాపూర్ దిక్కు ఎవరింట్లనన్న నిజాం కాలం నాటి కవర్లు, కార్డులు ఉంటే స్టాంపు మటుకే చింపి ఇయ్యకుండ్రి, కవరు మొత్తం ఉంచుండ్రి, ఫోటో తీసేటప్పుడు వెనక వైపు గూడ తియ్యుండ్రి.